టెక్సస్‌లో ఇప్పుడు అమ్మకూడని సాల్మన్: వైల్డ్‌టైప్ రివ్యూ

ల్యాబ్‌లో పెంచిన చేప ఎలా ఉంటుందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. వైల్డ్‌టైప్ శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీ. కోహో సాల్మన్ కణాలను పోషకాలున్న ద్రవంలో, బీరు తయారుచేసే ట్యాంకుల్లాంటి పెద్ద స్టీల్ ట్యాంకుల్లో పెంచుతారు. అలా పెరిగినదానికి కొన్ని మొక్కల పదార్థాలు కలిపి, సుషీకి కోసుకునే దిమ్మలాగా చేస్తారు. 2025 మేలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలన ముగించి, భద్రత గురించి ఇక అడగాల్సిందేమీ లేదని కంపెనీకి లేఖ ఇచ్చింది. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కాన్ అనే రెస్టారెంట్ ముందుగా వడ్డించింది, వేసవిలో టెక్సస్‌కీ వచ్చింది, ఆస్టిన్‌లో ఒటోకో అనే చిన్న జపనీస్ రెస్టారెంట్‌కి. సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్రంలో దీని అమ్మకం నిషేధమని తెలిసి, అది అమల్లోకి రాకముందే ఆగస్టులో డాలస్ నుంచి వెళ్లి తిన్నాను.

రుచి బాగుంది. నీచు వాసన అసలు లేదు, కొవ్వు నాలుకకు తెలుస్తుంది, అన్నం ముద్ద మీద కొంచెం సోయాతో తింటే పక్కనున్న మామూలు చేపకీ దీనికీ తేడా నాకు వెంటనే తెలియలేదు. నమిలితే తెలుస్తుంది: మామూలు సాల్మన్ పొరలు పొరలుగా విడిపోతుంది, ఇది అంతటా ఒకేలా మెత్తగా ఉంటుంది. పచ్చిగా తినడానికే చేసిన సరుకు ఇది, దీనితో పులుసు పెట్టుకోవాలన్న ఆలోచన వద్దు. చింతపండు పులుపు, కారం పడితే దీని సున్నితమైన రుచి ఎక్కడా మిగలదు, మనకు పులుసులో చేప ముక్క ఇచ్చే ఆ గట్టిదనం ఇందులో లేదు. రుచికి ఐదుకు నాలుగు ఇస్తాను. ఖర్చు మాత్రం ఎక్కువే, ఒటోకో ఖరీదైన చోటు, ఇంటిల్లిపాదీ వారం వారం వెళ్లే తిండి కాదు.

శాకాహారులు తినొచ్చా అంటే, లేదు, ఇవి నిజమైన చేప కణాలే. చేప పడనివాళ్లకు ఇదీ పడదు, ఆ జాగ్రత్త తప్పనిసరి.

ఇక ఇప్పుడు టెక్సస్‌లో ఎక్కడ దొరుకుతుందంటే, ఎక్కడా దొరకదు. గవర్నర్ అబాట్ 2025 జూన్‌లో సంతకం చేసిన ఎస్‌బీ 261 అనే చట్టం ప్రకారం కణాల నుంచి పెంచిన మాంసం గానీ చేప గానీ రెండేళ్లపాటు అమ్మకూడదు. తినడం నేరం కాదు, అమ్మడం నేరం, జైలు ఉంది, రోజుకు 25 వేల డాలర్ల వరకు జరిమానా ఉంది. ఫ్లోరిడా 2024 మేలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం, వారం తిరక్కుండా అలబామా చేసింది, 2025లో మిసిసిపి, మోంటానా, నెబ్రాస్కా చేశాయి, ఇండియానా రెండేళ్లకు ఆపింది. ఎక్కడ విన్నా ఒకటే మాట, పశువులు పెంచే రైతుని కాపాడాలి. ఆ రైతు మీద నాకు గౌరవం ఉంది, పాడి మీద బతికిన ఇంటి నుంచి వచ్చినవాడిని, గొడ్డు జబ్బు పడితే ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ నేను తిన్నది సాల్మన్! టెక్సస్‌లో సాల్మన్ పట్టే జాలరి ఎవరు, సాల్మన్ పెంచే రైతు ఎవరు, ఒక చిన్న రెస్టారెంట్లో పెట్టే ముక్క వల్ల ఏ పశువుల కాపరి నష్టపోయాడు? దీనికి సమాధానం చెప్పిన చట్టసభ్యుడు నాకు కనిపించలేదు.

భయం జనాల ఆరోగ్యం గురించే అయితే ఎఫ్‌డీఏ చూసింది. మోసపోతారని అయితే, ఇలాంటి వాటి మీద లేబుల్ స్పష్టంగా ఉండాలని టెక్సస్ 2023లోనే చట్టం చేసుకుంది. లేబుల్ చదివి వద్దనుకునేవాడు మానేస్తాడు, కావాలనుకునేవాడు కొనుక్కుంటాడు, అంతకు మించి ప్రభుత్వం చేయాల్సింది ఏముంది? పెద్ద మాంసం కంపెనీల సంఘమైన మీట్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఫ్లోరిడా నిషేధాన్ని వ్యతిరేకించింది. పోటీ పడేవాళ్లే భయపడనప్పుడు ఈ హడావుడి ఎవరి కోసమో అర్థం కాదు.

ఇందులో మనవాడొకరు ఉన్నారని చాలామందికి తెలియదు. ఫ్లోరిడా మీద 2024 ఆగస్టులో దావా వేసిన, కణాల నుంచి మాంసం పెంచే కంపెనీ అప్‌సైడ్ ఫుడ్స్ వ్యవస్థాపకుడు ఉమా వలేటి విజయవాడలో పెరిగిన గుండె డాక్టర్. చిన్నప్పుడు ఒక పుట్టినరోజు విందుకి వెళ్తే ముందువైపు పండగ, ఇంటి వెనక జంతువులను కోయడం చూశానని, ఆ ఆలోచన అక్కడే మొదలైందని ఆయన చెబుతుంటారు. మన ఊళ్లలో అలాంటి పెరడు చూడనివాళ్లు తక్కువ, చూసి కాసేపటికి అన్నం దగ్గర కూర్చున్నవాళ్లమే అందరం, ఆయన మాత్రం దాని కోసం డాక్టర్ ప్రాక్టీస్ పక్కన పెట్టి కంపెనీ పెట్టారు. వైల్డ్‌టైప్ పెట్టిన ఇద్దరిలో ఒకరు కూడా గుండె డాక్టరే. నిషేధం మొదలవగానే సెప్టెంబర్‌లో ఈ రెండు కంపెనీలూ కలిసి టెక్సస్ మీద ఆస్టిన్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేశాయి.

టెక్సస్ నిషేధం 2027 సెప్టెంబర్ 1తో ముగియాలి. అయితే శాసనసభ మళ్లీ కూర్చునేది 2027 జనవరిలో, దీన్ని పొడిగించాలా వదిలేయాలా అని తేల్చేది అప్పుడే. ఇక్కడ ఓటున్న మనవాళ్లు ఆలోపు తమ స్టేట్ రిప్రజెంటేటివ్‌కి ఒక ఈమెయిల్ పంపండి, నేను పంపేశాను. ఈలోగా ఓరెగన్ వైపు ప్రయాణం ఉన్నవాళ్లు ముందుగా ఫోన్ చేసి, ఆ రోజు మెనూలో ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.