బోర్లా పడుకున్న ఏడు రోజులు, ఒక ఆడియో బైబిల్ ప్లేయర్

కంటి ఆపరేషన్ అయ్యాక ఏడు రోజులు ముఖం నేలవైపే ఉంచాలన్నారు. రెటీనా మధ్యలో పడిన రంధ్రం మూసుకోవడానికి కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. అది పైకి తేలి రంధ్రాన్ని అదిమి పట్టాలంటే మనం బోర్లా ఉండాలి. చదవడం లేదు, ఫోన్ చూడటం లేదు, ఆదివారం చర్చికి వెళ్లడం అసలే లేదు. అప్పుడు మా చెల్లి ఈ ప్లేయర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, దీనికి స్క్రీనే లేదు, నువ్వు చూడాల్సిన పనే లేదు" అంది.

అరచేతిలో ఇమిడిపోతుంది. అయిదే బటన్లు. నడిమి బటన్ మీద చిన్న బొడిపె ఉంది, బొటనవేలికి తగలగానే తెలిసిపోతుంది. కుడివైపు నొక్కితే తర్వాతి అధ్యాయం, ఎడమవైపు నొక్కితే ముందుది. ప్రతి అధ్యాయానికీ ముందు గ్రంథం పేరు, అధ్యాయం సంఖ్య చెబుతారు. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, అన్నీ ఉన్నాయి. ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

చదివిన గొంతులో తొందర లేదు. పాత గ్రాంథికం కాబట్టి మొదటి రోజు కొంచెం పట్టి పట్టి వినాల్సి వచ్చింది. కానీ కళ్లతో చదివేటప్పుడు తెలిసిన వాక్యాలను దాటేస్తాం, చెవులతో అలా కుదరదు. యోహాను 14వ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "నా తండ్రి యింట అనేక నివాసములు కలవు" అన్న రెండో వచనం సమాధి కార్యక్రమాల్లో విని విని ఉన్నదే. ఆ రోజు వింటుంటే, 23వ వచనంలో మళ్లీ అదే మాట చెవిన పడింది. తనను ప్రేమించేవాడి దగ్గరికి తానూ తండ్రీ వచ్చి "నివాసము చేతుము" అంటున్నాడు యేసు. వెనక్కి నొక్కి మళ్లీ విన్నాను. మా పాస్టరుగారు ఫోన్ చేసినప్పుడు అడిగితే, గ్రీకులో కూడా రెండుచోట్లా ఒకటే మాట అనీ, కొత్త నిబంధన మొత్తంలో అది ఈ రెండు చోట్లే కనిపిస్తుందనీ చెప్పారు. మనం వెళ్లే ఇంటి గురించి చెప్పిన మాటనే, ఆయన మనలో ఉండటం గురించీ చెప్పాడు.

ఇది నాకెందుకంత పెద్ద విషయమైందంటే, నేను ఎప్పుడూ పైకి చూసి ప్రార్థించే మనిషిని. ఆ వారం నా కంటి ముందున్నది ఒక్క నేల పలక, దాని మూలన వెంట్రుకంత పగులు. పైకి చూడలేకపోతున్నానన్న దిగులు ఆ మాట విన్నాక తగ్గింది.

లోపాలు చెప్పాలి. చదువుతున్నంతసేపూ వెనక సంగీతం వస్తుంది, తీసేసే వీలు లేదు. కీర్తనలకు ఫర్వాలేదు, పత్రికలు, అంటే పౌలు లాంటివాళ్లు రాసిన ఉత్తరాలు, వినేటప్పుడు అడ్డమే. వచనం నుంచి వచనానికి వెళ్లలేం. అన్నిటికంటే ఇబ్బంది, చార్జింగ్ అయిపోతోందని చిన్న శబ్దమైనా చేయదు.

మూడో రాత్రి అదే జరిగింది. నిద్ర పట్టక, గదిలో ఏదో ఒక గొంతు ఉంటే చాలని దాన్ని అలా నడవనిచ్చాను. నెహెమ్యా 7వ అధ్యాయం, పేర్ల పట్టిక మధ్యలో టక్కున ఆగిపోయింది. చూపు రాకపోతే ఎలా అన్న టెన్షన్ ఒక్కసారిగా మీద పడింది. ప్రార్థిద్దామంటే మాట రాలేదు, మూలుగొక్కటే వచ్చింది. మనకు ప్రార్థించడం చేతకానప్పుడు దేవుని ఆత్మే మూలుగులతో మన పక్షాన వేడుకుంటాడని రోమా 8:26లో ఉంది కదా, అది గుర్తొచ్చింది. వెలుగేమీ కనిపించలేదు, ఒళ్లు జలదరించలేదు. గది అంతే చీకటిగా ఉంది. నేను మాత్రం ఒంటరిని కాదని తెలుసు. అలాగే నిద్రపోయాను.

మర్నాడు చార్జింగ్ పెట్టి మొదటి కొరింథీ పత్రిక విన్నాను. "దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడు" అని పౌలు అడిగి మరీ గుర్తుచేసింది ఎవరికి? అదే 3వ అధ్యాయం మొదట్లో, అసూయతో కలహాలతో ఉన్నారని ఆయన మందలించిన సంఘానికే. వాళ్లలో ఉన్నవాడు, భయపడి ఏడ్చిన నన్ను ఎందుకు వదిలిపోతాడు?

చదవలేని స్థితిలో ఉన్నవాళ్లకు, చూపు మందగించిన పెద్దవాళ్లకు ఈ ప్లేయర్ తప్పకుండా కొనమంటాను. రోజూ పడుకునే ముందు చార్జింగ్ పెట్టడం మాత్రం మరవొద్దు. నాది ఇప్పుడు మా సంఘంలోనే మంచాన పడిన ఒక పెద్దావిడ దగ్గర ఉంది. ఆవిడకు ఇచ్చే ముందు యోహాను 14వ అధ్యాయం దాకా తెచ్చి ఆపి పెట్టాను.