జాగ్రత్త! 'సెమ్ సెట్టు కొనండి, పరీక్షలయ్యాక సగం డబ్బు వాపసు' అంటే నమ్మి డబ్బు కట్టకండి

విజయనగరం, శ్రీకాకుళం ఇంజనీరింగ్ పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ, కొత్త సెమిస్టర్ పుస్తకాలకి ఆ వాట్సాప్ గ్రూపులో డబ్బు కొట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. ఏ గ్రూపో, ఏ కొట్టో పేరు రాయడం లేదు. అడ్మిషన్లప్పుడు కాలేజీ గేటు దగ్గర కరపత్రం అందుకున్న వాళ్ళందరికీ తెలిసిందే.

ఆ గ్రూపు నడిపే పుస్తకాల కొట్టు వాళ్ళ మాట ఇది: ఐదు పుస్తకాలు ఒక సెట్టు, అన్నీ ఒరిజినల్, ఎంఆర్‌పీ మీద 40 శాతం తగ్గింపు, సెట్టు 2,200. పరీక్షలయ్యాక చిరగకుండా తెస్తే 1,100 వాపసు. అంటే సెమిస్టరంతా చదువుకోడానికి పడేది 1,100. రోజూ బస్సు పాసు మీద వచ్చిపోయే పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? అందరూ కట్టారు.

నిన్న వాపసు రోజు. గజపతినగరం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి సెట్టు పట్టుకొచ్చింది. అన్నిటికీ అట్టలు వేసి, లోపల పెన్సిల్ గీత కూడా లేకుండా ఉంచింది. కొట్టు ఆయన పైనున్న పుస్తకం తీసుకున్నాడు. అట్ట లాగేశాడు. మధ్యకి తెరిచి రెండు చేతులతో వెనక్కి విరిచాడు. వెన్ను దగ్గర బంక పటపటమని విడిచి, రెండు కాయితాలు ఊడి కౌంటర్ మీద పడ్డాయి.

"ఏటమ్మా ఇది? డూప్లికేటు. బొమ్మలు సూడు, ఎలా అలికేసినట్టున్నాయో. లైన్లు వంకరపోయాయి. ఇలాంటివి మేం కొనం."

"మీ దగ్గరే కొన్నానండీ. మీ ముద్ర కూడా ఉంది చూడండి" అంది.

"ముద్ర ఎవడైనా సేయించుకుంటాడు. బిల్లుందా?"

బిల్లు ఎక్కడిది? కొన్న రోజున అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుద్ది, మీకే నష్టం" అన్నది ఆయనే. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ సున్నా. పైసా పడదు. పుస్తకాల వ్యాపారం చేసేవాడికి ఆ సంగతి తెలియకపోవడమంటూ ఉండదు.

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని అక్కడే నిలబడితే, వెనక లైన్లో ఉన్న అందరూ వినేలా అన్నాడు: "కాయితం కిలో పన్నెండు. తూకం వెయ్యమంటావా?"

కోపం పుస్తకాలు కొననందుకు కాదు. డూప్లికేట్‌ని ఎక్కడ విరిస్తే తెలుస్తుందో, ఏ బొమ్మ చూస్తే తెలుస్తుందో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. అర నిమిషంలో చూపించాడు. అలాంటప్పుడు ఒరిజినల్ అని చెప్పి చేతిలో పెట్టిన రోజున కూడా తెలుసు. ఆ రోజే బిల్లు ఇవ్వకుండా జాగ్రత్తపడ్డాడు. ఇది పొరపాటు కాదు, ముందే వేసుకున్న లెక్క. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లని పదిమందిలో దొంగని చేసినట్టు మాట్లాడాడే, అది మాత్రం క్షమించే విషయం కాదు.

సరే, ఆయన ఏ పరీక్ష పెట్టాడో అదే పరీక్ష డబ్బు కట్టకముందు మనం పెడదాం.

పుస్తకాన్ని సరిగ్గా మధ్యకి తెరిచి, వెన్ను లోపలివైపు చూడండి. డూప్లికేట్లలో విడికాయితాలు దొంతి పెట్టి, అంచుకి వేడి బంక పూసి కవరు అంటిస్తారు. బంక మందంగా, గడ్డలుగా ఉంటుంది. నాలుగుసార్లు తెరిస్తే పగుల్తుంది, ఆ పగులు దగ్గర నుంచి కాయితాలు ఒక్కొక్కటే జారుతాయి. ఒరిజినల్లోనూ బంక బైండింగ్ చాలా పుస్తకాలకి ఉంటుంది, అదొక్కటే చూసి తేల్చేయకండి. బంక సమంగా, పలచగా పరుచుకుని ఉందా లేదా అన్నది చూడాలి.

తర్వాత ఒక్క కాయితం పట్టుకుని వెలుతురుకి ఎత్తండి. అచ్చు ప్రెస్సులో వేసిన పుస్తకంలో ముందు పేజీ మార్జిను, వెనక పేజీ మార్జిను దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. స్కాన్ చేసి వేసినదాంట్లో ఒక పేజీ కుడికి ఒరుగుతుంది, ఇంకో పేజీ కిందికి దిగుతుంది, పేజీ నంబరు ఒక్కోచోట సగం కోసుకుపోతుంది. ఫొటోలు ఉన్న పేజీ తీయండి, బూడిద రంగు మచ్చలా ఉంటే అనుమానమే అక్కర్లేదు. సన్న అక్షరాలు కూడా చూడండి: ఇంటిగ్రల్ గుర్తు పైనా కిందా ఉండే లిమిట్లు, ఎక్స్ కింద వేసే చిన్న 1, 2. స్కాన్‌లో ముందు చచ్చిపోయేవి అవే. మ్యాథ్స్ పుస్తకంలో అవి పోతే ఇంక లెక్క ఎక్కడుంది?

పేజీలు లెక్కపెట్టడం చాలామంది చెయ్యరు. ప్రెస్సులో పెద్ద షీటు మీద 8 గానీ 16 గానీ పేజీలు ఒకేసారి వేసి మడుస్తారు, దాన్నే ఫారం అంటారు. బైండింగ్‌లో ఒక ఫారం తప్పిపోతే ఆ 8 గానీ 16 గానీ పేజీలు ఒకేసారి పోతాయి, లేదా అదే ఫారం రెండుసార్లు పడుతుంది. ఇది ఒరిజినల్‌కీ అరుదుగా జరుగుతుంది, కానీ మంచి కొట్టువాడు మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాడు. స్కాన్ కాపీలో అయితే ఎక్కడ ఏ కాయితం తప్పిందో చెప్పలేం, రెండు పేజీలు ఒకేసారి తిప్పేసినచోటల్లా పోతుంది. అందుకని 1 నుంచి చివరి దాకా పేజీ నంబర్లు బొటనవేలితో గబగబా తిప్పుతూ చూడండి. 600 పేజీల పుస్తకానికి రెండు నిమిషాల పని.

కవరు మీద ఎడిషన్ వేరు, లోపల కాపీరైట్ పేజీలో ఎడిషన్ వేరు ఉంటే ఆ పుస్తకం కింద పెట్టేయండి. పాత ఎడిషన్ స్కాన్ చేసి కొత్త కవరు తొడిగారని అర్థం. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) 13 అంకెలు ఉంటుంది, 978తో గానీ 979తో గానీ మొదలవుతుంది. మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని మళ్ళీ 1తో, ఇలా చివరిదాకా గుణించి కూడితే మొత్తం సున్నాతో ముగియాలి. ముగియకపోతే ఆ నంబరు తప్పు. ముగిసినంత మాత్రాన ఒరిజినల్ అనుకోకండి, కవరు కాపీ కొట్టేవాడు నంబరూ కొట్టేస్తాడు. ఆ నంబరుని ఫోన్లో వెతికి, వచ్చే పుస్తకం, ఎడిషన్, పేజీల సంఖ్య చేతిలో ఉన్నదానితో సరిపోతున్నాయా చూస్తేనే ఉపయోగం. ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ ఉంటే గోటితో లేపి కింద ధర చూడండి. ధరే పెంచి అంటించాక 40 శాతం తగ్గింపుకి అర్థం లేదు.

ఒక్క మాట. 'ఇండియాలో అమ్మకానికి మాత్రమే' అని కవరు మీద ఉన్న పలచ కాయితం ఎడిషన్లు దొంగవి కావు. విదేశీ పబ్లిషర్లే మన దగ్గర తక్కువ ధరకి వేయిస్తారు. ధైర్యంగా కొనుక్కోవచ్చు. కాకపోతే ఎక్సర్‌సైజుల నంబర్లు అసలు ఎడిషన్‌తో కలవకపోవచ్చు, సార్ 'ఫలానా ప్రాబ్లం చెయ్యండి' అంటే పక్కవాడి పుస్తకంతో సరిచూసుకోవాలి.

ఆ సెట్టులో ఇంకో మోసం, ఇది డూప్లికేట్ కంటే ఎక్కువ ముంచుతుంది. విజయనగరం యూనివర్సిటీ 2022లో కాకినాడ జేఎన్‌టీయూ నుంచి విడిపోయి జేఎన్‌టీయూ-జీవీ అయింది. 2023లో చేరిన బ్యాచ్ నుంచి R23 రెగ్యులేషన్, అంటే కొత్త సిలబస్; అంతకు ముందుది R20. కాకినాడ R20 కోసం వేసిన సబ్జెక్టు పుస్తకాలు గోడౌన్లలో మిగిలిపోయాయి, వాటిని ఈ సెట్లలో కలిపి వదిలించుకుంటున్నారు. R20లో మ్యాథమెటిక్స్-2 అంటే లీనియర్ ఆల్జీబ్రాతో పాటు న్యూమరికల్ మెథడ్స్. R23 మొదటి సెమ్‌లో ఉన్నది లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్, రెండో సెమ్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్. 'మ్యాథ్స్ పుస్తకమే కదా' అని కొంటే సగం పుస్తకం మీకు పనికిరాదు, మీకు కావాల్సిన సగం అందులో ఉండదు. యూనివర్సిటీ సిలబస్ పీడీఎఫ్ ఫోన్లో తెరిచి, ఐదు యూనిట్ల హెడ్డింగులూ పుస్తకం విషయసూచికతో ఒక్కొక్కటే కలుపుకోండి. శ్రీకాకుళం వైపు ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ కింద డిగ్రీ చదివేవాళ్ళకీ ఇదే గొడవ. 2023-24 నుంచి సింగిల్ మేజర్, అంటే ఒక్క ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది, పాత మూడు సబ్జెక్టుల పద్ధతికి వేసిన సెమిస్టర్ పుస్తకాలు కలవవు.

డబ్బు నిజంగా మిగలాలంటే, సెమిస్టర్ మొదటి పదిరోజులు ఏమీ కొనకండి. ప్రతి సబ్జెక్టు సిలబస్ చివర 'టెక్స్ట్ బుక్స్', 'రిఫరెన్సెస్' అని రెండు జాబితాలు ఉంటాయి. రిఫరెన్సులు ఎవరూ కొననక్కర్లేదు, లైబ్రరీలో చూసుకుంటే చాలు. సార్ ఏ పుస్తకం చూసి చెబుతున్నారో తెలిశాక, లెక్కలు చెయ్యాల్సిన ఒకటి రెండు సబ్జెక్టులకి మాత్రం సొంత పుస్తకం ఉండాలి. మిగతావి లైబ్రరీ. కాలేజీలో బుక్ బ్యాంక్ ఉందా అని లైబ్రేరియన్ గారిని అడగండి. ఉన్నచోట సెమిస్టరంతా పుస్తకం మీ దగ్గరే ఉంచుకోవచ్చు. కొన్ని కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ప్రత్యేకంగా బుక్ బ్యాంక్ ఉంటుంది, అడిగేవాళ్ళు లేక పుస్తకాలు బీరువాలో ఉండిపోతాయి.

సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్లో ఇంజనీరింగ్, డిప్లొమా పుస్తకాలు పీడీఎఫ్ ఉచితంగా దిగుతాయి, తెలుగులో కూడా ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఫస్టియర్లో ఇంగ్లిష్ పుస్తకం చూసి బెదిరిపోయే పిల్లలకి ఇది చాలా మేలు. ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు, నేషనల్ డిజిటల్ లైబ్రరీ కూడా ఉచితమే.

సీనియర్ల దగ్గర కొనడం అన్నిటికంటే మంచిది. మీ రెగ్యులేషన్ వాళ్ళ దగ్గరే కొనండి. ఎంఆర్‌పీలో మూడోవంతు నుంచి సగం మధ్య బేరం న్యాయం. డేటా బుక్కులు (పరీక్ష హాల్లోకి తీసుకెళ్ళనిచ్చే పట్టికల పుస్తకాలు) మాత్రం చేతిరాత లేనివి చూసుకోవాలి, లోపల ఫార్ములాలు రాసి ఉంటే ఇన్విజిలేటర్ తీసేసుకుంటారు.

ఇప్పటికే మోసపోయిన వాళ్ళు పుస్తకం పారెయ్యకండి, అదే సాక్ష్యం. యూపీఐ రసీదు, 'ఒరిజినల్', 'వాపసు' అన్న వాట్సాప్ మెసేజ్‌లు, కరపత్రం, అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. గ్రూపులోంచి తీసేస్తే మెసేజ్‌లు పోతాయేమోనని భయం వద్దు, ముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేస్తే చాలు. ఒక్కొక్కరు 1,100 కోసం తిరగలేం అనుకోకండి, పదిమంది కలిసి వెళ్ళండి. దొంగ పుస్తకమని తెలిసీ అమ్మడం కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ మాట ఆయన ముందు అంటే గొంతు తగ్గుతుంది.

ఇక ముందు ఎవరి దగ్గర కొన్నా యూపీఐ నోట్‌లో పుస్తకం పేరు, 'ఒరిజినల్' అన్న మాట టైప్ చేసే డబ్బు పంపండి. బిల్లు మీద ఐఎస్‌బీఎన్ రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనొద్దు.

మెకానికల్ వాళ్ళకి ఒక ముఖ్యమైన విషయం. ఆ సెట్టులో వచ్చిన స్టీమ్ టేబుల్స్ (ఆవిరి లెక్కల పట్టికలు) సప్లిమెంటరీ పరీక్షకి పట్టుకెళ్ళకండి. స్కాన్‌లో దశాంశ బిందువులు మాసిపోయాయి. లైబ్రరీలో ఉన్న అసలు పుస్తకం పక్కన పెట్టి 1 బార్ వరుస చూడండి, పొడి ఆవిరి స్పెసిఫిక్ వాల్యూమ్ (కిలో ఆవిరి పట్టే చోటు, ఘనపు మీటర్లలో) 1.694 ఉండాలి. 1694 అని కనబడితే ఎలాగూ తప్పని తెలిసిపోతుంది, కానీ నీటికి 0.001043 ఉండాల్సినచోట ఒక సున్నా మాసిపోతే పరీక్ష హాల్లో ఎవరికీ తట్టదు. 10 బార్ వరుస కూడా చూడండి, పొడి ఆవిరికి 0.194 దగ్గర ఉండాలి. ఈ రెండు వరుసల్లో ఏది తేడా వచ్చినా ఆ పుస్తకం ముట్టుకోకండి, లైబ్రరీది అడిగి తీసుకెళ్ళండి.