బ్రెజానా, నెక్సానా? రెండూ నడిపాక నా మాట

మా ఇంట్లో మారుతి బ్రెజా పెట్రోల్ కారు ఉంది, మా బావమరిది దగ్గర టాటా నెక్సాన్ పెట్రోల్. హైదరాబాద్ నుంచి విజయవాడకు రెండూ మార్చి మార్చి నడిపాను కాబట్టి చెప్తున్నా.

బ్రెజాది 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, టర్బో (ఇంజన్‌లోకి అదనంగా గాలిని తోసి బలం పెంచే భాగం) లేదు. నెక్సాన్‌ది 1.2 లీటర్లే, మూడు సిలిండర్లు, టర్బో ఉంది. అసలు తేడా ఇక్కడే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు బ్రెజా ఎంత సాఫీగా ఉంటుందంటే ఇంజన్ ఆన్‌లో ఉందా లేదా అని డౌటొస్తుంది. నెక్సాన్‌లో ఆగినప్పుడు కాస్త వణుకు తెలుస్తుంది, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు (తక్కువ ఆర్‌పీఎంలో) కొంచెం బద్ధకం కూడా. కానీ సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే నెక్సానే! 170 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) మరి. బ్రెజాలో 137, గేరు దించి ఇంజన్ అరిచేదాకా తొక్కాల్సిందే.

నమ్మకం అంటారా, టర్బో లేని ఇంజన్‌లో చెడిపోయే భాగాలే తక్కువ, చిన్న ఊళ్లో మెకానిక్‌కి కూడా చేతికి అలవాటైన పని. టర్బో కారైతే ఆయిల్ దగ్గర బద్ధకించకండి, కంపెనీ చెప్పిన గ్రేడే, చెప్పిన టైముకే.

సేఫ్టీలో నెక్సాన్‌కి ఎప్పటినుంచో మంచి పేరుంది. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి భద్రత చూసే సంస్థ) టెస్టుల్లో దానికి 5 స్టార్లు, అప్పటి విటారా బ్రెజాకి 4.

సిటీలోనే తిరిగేవాళ్లకు నా ఓటు బ్రెజాకే. హైవే మీద మాత్రం ఓ నెల కార్లు మార్చుకుందామా అని మా బావమరిదిని అడిగాను, నవ్వి తాళాలు జేబులో వేసుకున్నాడు.