నాన్న సమాధి రాయి చేయించిన షాపు: ఒక వానాకాలం చూశాక రాస్తున్నాను

హైదరాబాద్ నారాయణగూడ క్రిస్టియన్ సమాధుల తోటలో నాన్న రాయి పెట్టించాక ఒక వానాకాలం దాటింది. సమాధి రాయి పనితనం వానలు పడితే గానీ తెలియదు, అందుకే ఇన్నాళ్లు ఆగాను. షాపు పెద్దదేం కాదు. ముందు రేకుల షెడ్డు, వెనక కోత మిషను, గోడకు ఆనించిన నల్ల పలకలు, మూలన ఒక పాత కంప్యూటరు. ఒక ముస్లిం పెద్దాయన, ఆయన కొడుకు కలిసి నడుపుతారు. ఉర్దూ, ఇంగ్లిషు, తెలుగు మూడూ చెక్కుతారు.

నాన్నను తాతయ్య సమాధిలోనే పెట్టాం. సిటీలో కొత్త జాగా దొరకడం కష్టం కాబట్టి చాలా కుటుంబాలు ఇప్పుడు చేసేది ఇదే. తాతయ్యది షాబాద్ బండ. అది సున్నపురాయి, ఏళ్ల తరబడి వాన పడితే పైపొర అరిగిపోతుంది. ఆయన పేరులో సగం అక్షరాలు వేలితో తడిమితేనే తెలిసేవి. అందుకని ఈసారి గ్రానైట్ అనుకుని వెళ్లాం. నేను చీమకుర్తి గెలాక్సీ రాయి చూపించమన్నాను. పెద్దాయన వద్దన్నారు. "అండ్ల మెరుపు చుక్కలుంటయి కదమ్మా, అక్షరం కండ్లకు ఆనదు" అన్నారు. ఎక్కువ ధర పలికే రాయిని కాదని మామూలు నల్ల గ్రానైట్ ఇప్పించారు. రాయి, చెక్కుడు, తీసుకొచ్చి పెట్టడం అన్నీ కలిపి 24,000 రూపాయలు తీసుకున్నారు. తాతయ్య పేరు కూడా అదే పలక మీద మళ్లీ చెక్కారు.

తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగారు. "పేరు పెద్దగ పెట్టాల్నా, బైబిలు వాక్యం పెద్దగ పెట్టాల్నా?"

మేం పిల్లలమంతా పేరే అన్నాం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసిన ఉద్యోగం, చర్చిలో చేసిన సేవ, అన్నీ రాయించాలని అన్నయ్య కోరిక. అమ్మ మాత్రం "ఆయన పేరు మనకు తెల్సు కద బిడ్డా. వాక్యం పెద్దగ పెట్టించు, వచ్చేపోయేటోళ్లు చదువుకుంటరు" అంది. అక్కడితో చర్చ అయిపోయింది. యోహాను సువార్త 11వ అధ్యాయం నుంచి ఆమే ఎంచింది: "పునరుత్థానమును జీవమును నేనే."

ఈ షాపును నేను మెచ్చుకునేది ఇక్కడే. 'త' కింద వచ్చే 'థ' వత్తు లోపల ఒక చుక్క ఉంటుంది. పలక మీద రబ్బరు స్టెన్సిల్ అంటించి, ఇసుకను ఒత్తిడితో కొట్టి అక్షరాలు చెక్కుతారు. వత్తు చిన్నదైతే ఆ చుక్క నిలవదు, 'థ' కాస్తా 'ధ' అయి కూర్చుంటుంది. చర్చి బ్యానర్ల మీదే ఆ తప్పు ఎన్నోసార్లు చూశాను. పెద్దాయన కొడుకు, చెక్కేముందు సరిచూసుకునే ప్రూఫు కాగితాన్ని అసలు సైజులో తీసి గోడకు అంటించి, అమ్మను దూరం నుంచి చదవమన్నాడు. వత్తు దగ్గర ఆమె తడబడింది. అతను అక్షరం సైజు పెంచి, ఆ చుక్క వరకు మిషను మీద వదిలేయకుండా ఉలితో చేతిపనిగా తీశాడు. ఇన్ని వానల తర్వాత కూడా అది స్పష్టంగా ఉంది.

ఆ వాక్యం గురించే రాత్రుళ్లు ఆలోచించేదాన్ని. యేసు ఆ మాట అన్నది సోదరుడు లాజరును పోగొట్టుకున్న మార్తతో. తర్వాత సమాధి దగ్గరికొచ్చి రాయి తీసివేయమన్నాడు. రాయి తీయించిన ప్రభువును నమ్ముకుని మేమేమో రాయికి కొలతలు ఇస్తున్నాం. పాస్టరుగారిని అడిగితే, బైబిల్లో యాకోబు కూడా భార్య రాహేలు సమాధి మీద స్తంభం కట్టించాడని గుర్తుచేశారు. మంచి జవాబే. కానీ నన్ను నిలబెట్టింది అదే అధ్యాయంలోని ఇంకో సంగతి. కాసేపట్లో లాజరును లేపబోతున్న యేసు కూడా ఏడ్చాడు. నాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడికలో (ఓదార్పు ప్రార్థనలో) ఎంతమంది అమ్మతో "విశ్వాసులం, ఏడవకూడదు" అన్నారో! నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని పౌలు రాశాడే తప్ప, దుఃఖమే వద్దని ఎక్కడ రాశాడు? ప్రూఫులో నాన్న పేరు చూసి అమ్మ ఏడ్చినప్పుడు ఆ పెద్దాయన మిషను ఆపించారు. కుర్చీ వేయించి, నీళ్లు ఇచ్చి, ఆమె తేరుకునేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. మా కూడికలో దొరకని ఆదరణ అమ్మకు అక్కడ దొరికింది.

తేరుకున్నాక అమ్మ కాగితం మీద నాన్న పేరు పక్కన వేలు పెట్టి, "ఇక్కడ నాకు జాగా ఉంచు నాయనా" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం సరేనమ్మా అని టేపు తీసి కొలిచి రాసుకున్నారు. చావు సంగతి దాచిపెట్టే మాటలేమీ చెప్పనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అమ్మ ఆ పూట ఇంటికొచ్చి మామూలుగా పప్పుచారు పెట్టింది.

లోపాలూ ఉన్నాయి. నవంబరు 2న సమాధుల పండుగలోపు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. చుట్టూ అందరూ సున్నాలు వేయించి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే అమ్మ ఉత్త మట్టి దిబ్బ దగ్గర నిలబడాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధే. అడిగితే అక్టోబరులో పని ఎక్కువన్నారు. అలాంటప్పుడు మాట ఇవ్వకూడదు. రెండు మూడు అక్షరాల అంచుల్లో తెల్ల రంగు లేచిపోయింది. ఫోన్ చేయగానే కొడుకు వచ్చి డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసి వెళ్లాడు.

అయినా మావాళ్లకు ఈ షాపే చెబుతున్నాను. పండుగకు రాయి కావాలంటే ఆగస్టులోనే ఆర్డరివ్వండి. వాక్యాన్ని ఫోన్లో పంపకుండా, బైబిలు చూసి చేత్తో పెద్దగా రాసి తీసుకెళ్లండి. ప్రూఫు గోడకు పెట్టించి, ఇంట్లో చూపు తగ్గినవాళ్ల చేత చదివించండి. అడ్వాన్సుకు రసీదు వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, అడగాలి.