స్వలింగ జంటల హక్కులు: కోర్టు మెట్లెక్కాలా, ఎంపీని అడగాలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ ఈ మాట ఎత్తి చూడండి. "మనకెందుకొచ్చిన గొడవ" అనేవాళ్లే ఎక్కువ. నాయకుల లెక్కా అదే: మాట్లాడితే ఓట్లు రావు, ఊరుకుంటే పోవు.

ఖర్చు: కోర్టుకైతే లాయరు ఫీజు, అమరావతి తిరుగుడు. ఎంపీకైతే ఒక అర్జీ కాగితం.

శ్రమ: కోర్టులో ఏళ్లు పడుతుంది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్‌పై 2009లో ఢిల్లీ హైకోర్టులో గెలిచారు, 2013లో సుప్రీంకోర్టులో ఓడారు, 2018 సెప్టెంబరు 6న అక్కడే మళ్లీ గెలిచారు. పార్లమెంటులోనో? 2015లో ఎంపీ శశి థరూర్ ఆ సెక్షన్ మార్చాలని సొంతంగా (ప్రైవేటు) బిల్లు తెస్తే, ప్రవేశపెట్టనివ్వకుండానే 71–24తో తోసిపుచ్చారు. లోక్‌సభలో ఓటేసింది వందమందైనా లేరు! బ్రిటిష్‌వాళ్లు 1860లో రాసిన సెక్షన్ అన్నాళ్లు బతికింది ఈ మొహం చాటేయడం వల్లే అని నా అభిప్రాయం.

రిస్కు: కేసు వేస్తే ఇంట్లో, వీధిలో తెలిసిపోతుందన్న టెన్షన్. అర్జీ ఇస్తే బుట్టదాఖలయ్యే భయం, అంతే.

ఏది ఎప్పుడు: ఇంట్లోవాళ్లు నిర్బంధిస్తే ఆలోచించకండి, హైకోర్టే. 2024 డిసెంబరులో ఇద్దరు యువతులు కలిసి బతకొచ్చని మన రాష్ట్ర హైకోర్టే చెప్పింది. పెళ్లికి గుర్తింపు కావాలంటే మాత్రం ఎంపీ గుమ్మమే. అది చట్టసభల పని అని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ కేసులో కేంద్రం ఇది నగరాల్లోని పైవర్గాల ఆలోచన అని వాదించింది కాబట్టి, అర్జీ మీద పలాస, ఆమదాలవలస చిరునామాలు ఉంటే మరీ మంచిది.