పేట మైదానంలో వేసవి శిబిరం: కొన్నేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

హైదరాబాద్‌లో మా పేటకు దగ్గరలోని క్రీడామైదానంలో ఏటా ఏప్రిల్ చివర మొదలై మే నెలాఖరు దాకా సాగే వేసవి శిక్షణ శిబిరానికి మా పిల్లలిద్దరూ కొన్నేళ్లుగా వెళ్తున్నారు. మధ్యలో ఒక వేసవి వారిని ఈతకొలను ఉన్న ఒక ప్రైవేటు శిబిరంలో చేర్పించాము గనుక రెండింటినీ పోల్చి చెప్పగలను.

మైదానం శిబిరంలో నాకు అన్నిటికంటే నచ్చింది వేళ. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనకముందే, ఎనిమిదింటికల్లా పిల్లలను ఇళ్లకు పంపేస్తారు. చివరి వారం రోహిణీ కార్తెలో పడితే కోచ్ ఆట సమయాన్ని ఇంకా కుదిస్తారు. ప్రైవేటు శిబిరం పదింటికి మొదలయ్యేది. అదేమని అడిగితే పైన షెడ్డు ఉందిగా అన్నారు. రేకుల షెడ్డు కింద గాలి ఆడనప్పుడు నీడ ఉన్నంత మాత్రాన వేడి తగ్గదని మే నెలలో అక్కడ పది నిమిషాలు నిలబడిన వారెవరికైనా తెలుస్తుంది.

అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు గంటల శిబిరంలో అది సులువుగా పూర్తవుతుందనుకుంటాము గానీ, క్రికెట్ నెట్స్ దగ్గర బ్యాటింగ్ వంతు కోసం వరుసలో నిలబడ్డ పిల్లవాడు నిజంగా పరుగెత్తేది ఎంతసేపో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మా కోచ్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. నెట్స్‌లో కొద్దిమందినే ఉంచి, మిగిలిన వారిని రెండు జట్లు చేసి ఏడు పెంకులాట ఆడిస్తారు. పెంకులు పేర్చేవారు, బంతితో కొట్టేవారు, తప్పించుకునేవారు అందరూ ఉరుకుతూనే ఉండాలి కాబట్టి ఊరికే నిలబడే అవకాశం ఎవరికీ దొరకదు.

ఒక ఉదయం ఒక బాబు తల తిరుగుతోందన్నాడు. కోచ్ వెంటనే ఆట ఆపి, వాడిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, మెడ మీదా చంకల్లోనూ తడి తువ్వాలు అద్దుతూ కొద్దికొద్దిగా నీళ్లు తాగించారు. వాడు తేరుకొని మళ్లీ ఆడతానన్నా ఒప్పుకోక, తండ్రిని పిలిపించి అప్పగించారు. పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా తడి గుడ్డతో సరిపెట్టక వెంటనే 108కి ఫోన్ చేయాలని ఆ రోజే తల్లిదండ్రులందరికీ చెప్పారు.

తాగునీటి విషయంలో ఒక హెచ్చరిక. ప్రైవేటు శిబిరంలో ఓఆర్ఎస్ (ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణం) అని రాసి ఉన్న తియ్యటి పానీయాల డబ్బాలు పంచేవారు. మన నగరానికే చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అసలు సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. మా పిల్లల సంచిలో మాత్రం మంచినీళ్ల సీసా, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉంటాయి.

ఈతకొలను వద్ద అసలు లోపం పర్యవేక్షణది. నీళ్లు శుభ్రంగానే ఉండేవి, లోతు తెలిపే గుర్తులూ ఉండేవి. కానీ శిక్షకుడు ఒక్కడే, అతడూ తరచు ఫోన్ చూసుకుంటూ గట్టు మీద కుర్చీలో కూర్చునేవాడు. మునిగే పిల్లలు చాలాసార్లు సినిమాల్లో మాదిరిగా చేతులు ఊపుతూ కేకలు వేయరు. ఊపిరికే చాలని నోటికి అరుపు ఎక్కడిది? ఈత రాని పిల్లలకు చేయి చాస్తే అందేంత దూరంలో నీటిలోనే ఒక పెద్దమనిషి ఉండాలి. అక్కడ అలా ఎవరూ లేరు కాబట్టి నెల ముగియకముందే మాన్పించాము, కట్టిన రుసుము తిరిగి రాలేదు.

మైదానం శిబిరానికీ లోపాలున్నాయి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి సరైన గది లేదు, మరుగుదొడ్డి సగం రోజులు తాళంతో ఉంటుంది, ప్రథమ చికిత్స పెట్టెలో దూది అయిపోతే తల్లిదండ్రులే తేవాలి. ఇన్ని ఉన్నా, వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ పేరు పేరునా హాజరు పిలిచి, తెలిసిన పెద్దవారు వస్తే తప్ప చిన్నపిల్లలను గేటు దాటనివ్వని ఆ పద్ధతి కోసమే వచ్చే వేసవీ అక్కడికే పంపుతాము. ఈత నేర్పించే సంగతి మాత్రం, నీటిలోకి దిగి నేర్పే శిక్షకుడు దొరికాకే.