చార్టు మేనేజరా, మాటల మేనేజరా?

అపార్ట్‌మెంట్ కట్టే పనికి మేనేజరుగా ఎవరిని పెట్టుకోవాలి? లెక్క పక్కాగా వేసే మనిషినా, మనుషులతో పని రాబట్టే మనిషినా?

మొదటి రకానికి ఆయుధం క్రిటికల్ పాత్ పద్ధతి. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ పనుల కోసం పుట్టింది. ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనుల్లో అన్నిటికంటే పొడవైన వరసను అది పట్టుకుంటుంది. ఆ వరసలో ఒక్కరోజు జారితే గృహప్రవేశమూ ఒక్కరోజు జారుతుంది. కిటికీల ఆర్డర్ ఎప్పుడు పెట్టాలో, టైల్స్ ఎన్నాళ్లు ఆగినా ఫర్వాలేదో ఇట్టే తేలిపోతుంది. నోటిలెక్కతో అయ్యే పని కాదిది, చార్టు గీయాల్సిందే.

కానీ సంక్రాంతికి ఊరెళ్లిన కూలీలు కనుమ మర్నాడే వస్తారా, వారం పోయాక వస్తారా? అది చార్టుకు తెలీదు, మేస్త్రికి తెలుసు. అడిగితేనే చెబుతాడు, అదీ సూటిగా కాదు. "అయిపోద్ది సార్" అన్నాడంటే టెన్షన్ పడాల్సిందే. "రాడ్లు ఇంకా దిగలేదు సార్, మంగళవారం చూద్దాం" అన్నాడంటే నమ్మొచ్చు. ఈ తేడా పట్టేవాడు, పాత బిల్లు ఆగిందని ముఖం మాడ్చుకున్న ప్లంబర్‌ను ముందే పలకరించేవాడు రెండో రకం. అతనితో చిక్కల్లా, అన్నీ బుర్రలోనే పెట్టుకుంటాడు. జ్వరమొచ్చి పడుకుంటే సైటు కూడా పడుకుంటుంది.

నేనైతే రెండోవాణ్నే పెట్టుకుని, చార్టు కోసం ఓ జూనియర్ ఇంజినీరును పక్కన కూర్చోబెడతా. డూప్లెక్స్ ఇంటికైతే ఆ జీతమూ దండగే, గోడమీద క్యాలెండర్ చాలు.